భావనగర్‌కి ఎన్ని ఐసు పొట్లాలు

ఖాజా షెడ్డు గోడకి దేశపటం తగిలించిన రోజున పోతమ్మ దానికేసి ఓసారి చూసి, "ఇదేటిది, ఎవులిదో సీర ఆరేసినట్టున్నాది," అంది. అంది గానీ నవ్వలేదు. రెండు రోజులుగా ఆవిడకి అన్నం గొంతు దిగడం లేదు.

షెడ్డు విశాఖపట్నం చేపల రేవు వెనక, ఐసు ఫ్యాక్టరీ పక్క సందులో ఉంది. రేకుల కప్పు, నాలుగు సిమెంటు తొట్లు, ఏడాది పొడుగునా ఆరని నేల. బోట్ల వాళ్లు సముద్రంలోంచి ప్రాణంతో తెచ్చిన టైగర్ తల్లి రొయ్యల్ని ఖాజా వేలంపాటలో కొంటాడు. వాటిచేత గుడ్లు పెట్టించి పిల్లల్ని తీసే హేచరీల వాళ్లకి పంపుతాడు. ఈ చివర నుంచి ఆ చివరకి వాటి ప్రాణం నిలబెట్టే పని పోతమ్మది. ఆరేళ్లుగా షెడ్డులో ప్యాకింగు బల్ల ఆవిడ చేతికిందే ఉంది. అంతకుముందు పదిహేనేళ్లు పూర్ణా మార్కెట్‌లో ఎండు చేపల గంప ముందు కూర్చుంది. బడికి వెళ్లింది రెండంటే రెండేళ్లు. అంకెలు వచ్చాయి, అక్షరాలు మాత్రం మొహం చాటేశాయి. అయితే ఏం? మద్రాసులో మూడు నెలలు నేర్చుకుని కాగితం చంకన పెట్టుకొచ్చిన వాళ్లు కట్టిన పెట్టెలు తుని దాటకుండానే కంపు కొట్టేవి. పోతమ్మ కట్టిన పెట్టె విప్పితే రొయ్య తోకతో నీళ్లు మొహాన కొట్టేది.

పని చూడ్డానికి ఏమంత కాదు. రొయ్య ముక్కు మీది ముల్లుకి సైకిలు వాల్వు ట్యూబు ముక్క తొడగాలి, లేకపోతే సంచికి చిల్లు పడుతుంది. ప్లాస్టిక్ సంచిలో చల్లబరిచిన ఉప్పునీళ్లు, అందులో ఒక్క రొయ్య, పైన ఆక్సిజన్, మూతికి రబ్బరు బ్యాండు. అలాంటి నాలుగు సంచులు ఒక థర్మకోల్ పెట్టెలో. సంచుల మధ్య ఐసు పొట్లాలు. విద్యంతా ఆ పొట్లాల లెక్కలోనే ఉంది. తక్కువైతే నీళ్లు వేడెక్కి రొయ్య చస్తుంది, ఎక్కువైతే కొయ్యబారి చస్తుంది. అందుకే పోతమ్మకి ఊళ్ల దూరమంతా పొట్లాల్లోనే తెలుసు. కాకినాడ ఒకటి, చీరాల మూడు, నెల్లూరు నాలుగు. కిలోమీటర్ల మాట ఎత్తితే, "అవి లారీవోడికి, నాకెందుకు?" అనేది.

అలాంటి మనిషి ముందుకి తొంభై ఎనిమిది మార్చిలో భావనగర్ వచ్చి పడింది.

గుజరాత్‌లో సముద్రం ఒడ్డున హేచరీ పెట్టిన ఒకాయన పన్నెండు తల్లుల్ని విమానంలో పంపమని కబురు చేశాడు. ఖాజా పోతమ్మని పక్కకి పిలిచాడు. పాత ఊరి మనిషి, మాట మెత్తన, దాపరికం తక్కువ.

"అక్కా, పన్నెండులో పది బతికి దిగాలి. దిగితే సీజనంతా మన దగ్గరే తీసుకుంటానన్నాడు. దిగకపోతే మద్రాసు నుంచి తన ప్యాకింగు వాళ్లని పంపిస్తాడంట. అప్పుడింక ఈ బల్ల దగ్గర వాళ్లే ఉంటారు. నీ దగ్గర దాచకూడదని సెప్తన్నాను."

"అయితే నాను మళ్లీ గంప నెత్తికెత్తుకోవాలా, ఖాజా బావూ?"

ఖాజా తొట్లో నీళ్లకేసి చూశాడు. పోతమ్మకి ఆ చూపు చాలు.

భావనగర్ ఎంత దూరమో షెడ్డులో ఎవరికీ తెలీదు. అందుకని ఖాజా భార్య మహబూబున్నీసా, పాత ఊరి బడిలో సాంఘిక శాస్త్రం చెప్పే పంతులమ్మ, ఆదివారం పూట బడి దేశపటాన్ని చుట్టి చంకన పెట్టుకొచ్చింది. పిలవకుండానే తాతబాబు కూడా వచ్చాడు. ఆయన పోతమ్మ మొగుడికి అన్న. ముప్పై ఏళ్లు బోటు నడిపినవాడు. దూరమనే సరుకు తన దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకదని ఆయన నమ్మకం.

తాతబాబు వల కుట్టే దారం ఒకటి తీసి, ఒక కొస విశాఖపట్నం మీద వేలితో అదిమి పట్టాడు. దారం ఒడ్డు వెంబడే కిందికి దిగింది. మచిలీపట్నం దాటింది, మద్రాసు దాటింది. సిలోను దగ్గరికొచ్చి, దాన్ని చుట్టూ తిరిగింది.

"అన్నా, ఎక్కడికి తీసుకెళ్తున్నారు?" అంది మహబూబున్నీసా.

"భావనగర్ రేవుకేనమ్మా. సిలోనుకీ మనకీ మద్దెన లోతు సాలదు, సుట్టు తిరిగెల్లాల. అక్కడికాడి నుంచి కేరళ, గోవా, బొంబాయి..."

"విమానం కదన్నా! నేల మీంచి ఎగిరిపోతుంది."

తాతబాబు చెయ్యి గోవా దగ్గర ఆగిపోయింది. నేలకి అడ్డంగా దారం లాగడం ఆ చేతికి పుట్టాక తెలీని పని. దారాన్ని వదిలేసి, "రెక్కలున్నదాని సంగతి నాకేటి తెల్సు?" అని పక్కకి తిరిగి చుట్ట వెతుక్కున్నాడు.

"నీ దారిన పంపితే, బావా, రొయ్య దారిలోనే గుడ్లెట్టి, పిల్లల్ని పెంచి, పెల్లిళ్లు కూడా సేసేసి దిగుద్ది," అంది పోతమ్మ.

మహబూబున్నీసా దారాన్ని నిటారుగా లాగి, స్కేలు పెట్టి కొలిచింది. ముప్పై ఒక్క సెంటీమీటర్లు. పటం అడుగున చూసింది. సెంటీమీటరుకి నలభై కిలోమీటర్లు. "పన్నెండు వందల నలభై. విమానం గంటకి ఆరేడు వందలు పోతుంది. అంటే రెండు గంటలు."

ఖాజా మొహం విప్పారింది. "రెండు గంటలే! కాకినాడ కన్నా దగ్గర! అక్కా, అరపొట్లం సాలు."

ఆ పొద్దుట పోతమ్మ మనసులో వేసుకున్న లెక్క వేరు. నెల్లూరికి రెట్టింపు దూరమైనా ఉంటుందిలే అని ఎనిమిది పొట్లాలు అనుకుంది. ఎనిమిదెక్కడ, అరెక్కడ? ఒకటి రొయ్యని కొయ్య చేస్తుంది, ఇంకొకటి ఉడకబెడుతుంది. రెండింటి మధ్యా ఎక్కడో తన బల్ల ఉంది. పటంలో విశాఖపట్నం చుక్కనీ భావనగర్ చుక్కనీ మార్చి మార్చి చూసింది. ఆ ఖాళీ అంతా పచ్చగా, పసుప్పచ్చగా, ఎంత చూసినా ఏమీ చెప్పకుండా ఉంది.

"ఇక్కడెక్కిన పెట్టె నేరుగా అక్కడే దిగుద్దేటి?" అని అడిగింది చివరికి.

"నేరుగా లేదక్కా. హైదరాబాదులో ఒకటి మారాలి, బొంబాయిలో ఇంకోటి."

"మారీదాకా పెట్టెలెక్కడ కూసుంటాయి?"

ఖాజా పెళ్లాం వైపు చూశాడు. ఆవిడ పటం వైపు చూసింది. ఊళ్లున్నాయి, నదులున్నాయి, రైలు దారులున్నాయి. పెట్టెలు కూర్చునే చోటు మాత్రం ఎవరూ గీయలేదు.

మర్నాడు పోతమ్మ ట్రంకుపెట్టెలో మడిచిన నేత చీర కట్టుకుని, ఖాజా స్కూటరు వెనక ఎక్కి విమానాశ్రయానికి వెళ్లింది. సరుకులు తీసుకునే గదిలో ఉమాశంకర్ అనే గుమాస్తా ఉన్నాడు. గోదావరి వైపు మనిషి, ఉద్యోగానికి ఇక్కడికొచ్చాడు. ఉతికిన చీరైనా రేవు వాసన పోదు కదా, ఆయన ముక్కు కొంచెం ముడుచుకుంది. పోతమ్మ అది చూసి కూడా కుర్చీ లాక్కుని ఎదురుగానే కూర్చుంది.

"ఎక్కడెక్కడ ఎంతసేపు ఆగుద్దో సెప్పు బావూ. ఒక్కటీ వొదిలీకు."

"చెప్తానండి. పొద్దుట ఆరున్నరకల్లా పెట్టెలు మాకు అప్పజెప్పాలండి. ఎనిమిదున్నరకి విమానం. తొమ్మిదిన్నరకి హైదరాబాదు. పదకొండున్నరకి అక్కడ రెండోది. ఒంటిగంటకి పావు తక్కువకి బొంబాయి. మూడింటికి మూడోది. నాలుగింటికి భావనగర్ అండి."

అక్కణ్ణుంచి హేచరీకి జీపులో ఇంకో గంటని ఖాజా చెప్పాడు. పోతమ్మ కొంగు ముడిలోంచి దారం తీసి, గంటకొకటి చొప్పున ముడులు వేసుకుంటూ పోయింది. గాల్లో ఉన్న గంటకి చిన్న ముడి, నేల మీద కూర్చున్న గంటకి పెద్ద ముడి. తెల్లవారి ఐదింటికి కట్టడం మొదలుపెట్టి సాయంత్రం ఐదింటికి విప్పేదాకా. పన్నెండు ముడులయ్యాయి. చిన్నవి మూడు, పెద్దవి తొమ్మిది.

"ఎగిరీది మూడు గంటలు, కూసునీది తొమ్మిది," అంది దారం చూపించి. "మరి దీన్ని విమానమంటారేటి మీరు?"

ఉమాశంకర్‌కి నవ్వొచ్చింది. "ఎవరూ అలా లెక్కెయ్యరండి."

"ఆ కూసునీ కాడ నీడుంటదా?"

"షెడ్డుంటుందండి. కానీ విమానం పక్కకి తీసుకెళ్లాక బండి మీద ఎండలోనేనండి. అరగంట, ఒక్కోసారి ముప్పావు."

తిరిగొస్తున్నంతసేపూ పోతమ్మ స్కూటరు వెనక లెక్క వేస్తూనే ఉంది. నెల్లూరు లారీకి పద్నాలుగు గంటలు, నాలుగు పొట్లాలు. ఇది పన్నెండు గంటలు. అయితే భావనగర్ నెల్లూరు కన్నా దగ్గరే. కానీ నెల్లూరు లారీ రాత్రి పోతుంది, చల్లగాలి కొడుతుంది. ఇది పట్టపగలు, మూడు ఊళ్ల ఎండ. ఆ ఎండకి ఎన్ని పొట్లాలో ఏ పటమూ చెప్పదు.

ఎవరూ చెప్పకపోతే తనే చూసుకోవాలి. ఆ మర్నాడు తెల్లవారి ఐదింటికి మూడు పెట్టెలు కట్టింది. ఒక్కో దాంట్లో రెండేసి మగ రొయ్యలు, పోయినా పెద్దగా ఏడవక్కర్లేనివి; మిగతా రెండేసి సంచుల్లో ఉత్త ఉప్పునీళ్లు. మొదటి దాంట్లో నాలుగు పొట్లాలు, రెండో దాంట్లో ఐదు, మూడో దాంట్లో ఆరు. దారం చేత్తో పట్టుకుని, విమానం ఎలా చేస్తే అలా చేసింది. షెడ్డులో నీడన కూర్చోబెట్టింది. వేళకి పక్కింటి మేడ మీదికి ఎక్కించి, సిమెంటు మీద ముప్పావు గంట ఎండలో పెట్టింది. మళ్లీ నీడ, మళ్లీ ఎండ. ఐసు ఫ్యాక్టరీ వాళ్లు కిటికీల్లోంచి చూసి, "పోతమ్మకి ఎండదెబ్బ తగిలినట్టున్నాది, రొయ్యల్ని ఊరేగిత్తన్నాది," అని నవ్వుకున్నారు. నవ్వుకోనీ. వాళ్ల బల్ల ఎవరూ లాక్కోవడం లేదు.

ఐదింటికి పెట్టెలు విప్పింది. నాలుగు పొట్లాల పెట్టెలో నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి, రెండూ వెల్లకిలా తేలాయి. ఆరు పొట్లాల పెట్టెలో రెండూ వంకర తిరిగి బిగుసుకుపోయాయి. ఐదు పొట్లాల పెట్టెలో ఒకటి కాళ్లాడించింది, ఇంకొకటి వేలితో పొడిస్తే ఎగిరింది.

"ఐదు! తేలిపోయింది కదక్కా," అన్నాడు ఖాజా.

"మన ఊరి ఎండకి తేలినాది. బొంబాయి ఎండ ఎలగుంటదో నీకు తెల్సా, నాకు తెల్సా?"

ఐదు పొట్లాలకీ పాత న్యూస్‌పేపరు చుట్టాలనీ, పెట్టె మీద తడి గోనె వెయ్యాలనీ పోతమ్మ నిర్ణయించుకుంది. అంతకు మించి ఇంకేం చెయ్యాలో ఆవిడకీ తోచలేదు.

పంపే రోజు పన్నెండు తల్లులూ మూడు పెట్టెల్లోకి వెళ్లాయి. నిండు చూళ్లతో ఉన్నవి, వీపుల కింద గుడ్ల చార పచ్చగా కనబడుతోంది. ట్రాలీ ఆటోలో ఖాజా పెట్టెలు ఎక్కించాక, పోతమ్మ కూడా వాటి పక్కన ఎక్కి కూర్చుంది. వద్దన్నా దిగలేదు. ఆరున్నరకి ఉమాశంకర్ పెట్టెలు తూచి సీలు వేశాడు. పోతమ్మ బయట వేపచెట్టు కింద కూర్చుని ఆకాశం చూసింది. ఎనిమిదున్నరైంది. తొమ్మిదైంది. ఎగిరిన చప్పుడు లేదు.

ఖాజా లోపలికెళ్లి వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. "విమానం లేటంట. పదింటికి."

పదింటికి లేస్తే పదకొండుకి హైదరాబాదు. అక్కడ రెండో విమానం పదకొండున్నరకి. అరగంటలో పెట్టెలు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్లాలి. వెళ్లకపోతే మళ్లీ మర్నాడే. ఐదు పొట్లాలకి మర్నాడు లేదు.

పోతమ్మ లేచి కంచె దగ్గరికి వెళ్లింది. దూరంగా బండి మీద మూడు తెల్ల పెట్టెలు, తడి గోనె ఆరిపోయి, ఎండలో మెరుస్తూ కనబడ్డాయి. తర్వాత ఆవిడ సరుకుల గదిలోకి ఎలా వచ్చిందో ఉమాశంకర్‌కే తెలీదు.

"ఎనిమిదిన్నర నుంచీ ఎండలో పడున్నాయి! సూసినావా?"

"సీలు వేసేశామండి, ఇంక మేం ముట్టుకోకూడదండి."

"సీలు ఇప్పమన్నానేటి? నీడకి లాగమన్నాను. నీ టిఫిను కేరేజీ అయితే అలగే వొగ్గేసెత్తువా?"

"అలా కాదండి, రూలు..."

"రూలుకి రొయ్యలు బతకవు బావూ. లాగు."

ఉమాశంకర్ ఒక్క క్షణం ఆవిడ మొహంలోకి చూశాడు. అందులో కోపం కన్నా భయమే ఎక్కువ కనబడింది కాబోలు, లేచి తనే బయటికి నడిచాడు. బండి వెనక్కి వచ్చింది. పెట్టెలు ఆయన గదిలో, ఆయన ఫ్యాను కిందే కూర్చున్నాయి. పోతమ్మ గోనె మీద బిందెడు నీళ్లు కొట్టింది. నేలంతా తడిసింది.

"హైదరాబాదుకి ఫోను సెయ్యి. మా పెట్టెలే ముందు దించాలని సెప్పు."

"చేస్తానండి. అక్కడ మావాడొకడున్నాడండి."

"మావాడు అంటే సాలదు. పేరు సెప్పి, పెట్టెలు మూడని సెప్పు. నా ఎదరే సెయ్యి."

చేశాడు. పదింటికి విమానం లేచింది. పోతమ్మకి అది లేచినందుకు సంతోషించాలో, ఇంక తన చేతిలో ఏమీ లేదని భయపడాలో తెలియలేదు.

షెడ్డుకి తిరిగొచ్చేసరికి తాతబాబు గుమ్మంలో కూర్చుని ఆరిపోయిన చుట్టే పీలుస్తున్నాడు. మహబూబున్నీసా బడి నుంచి మధ్యాహ్నమే వచ్చేసింది. పోతమ్మ ఒక్కో గంటకీ ఒక్కో ముడి విప్పుతోంది. పన్నెండు దాటాక ఫోను మోగింది, ఉమాశంకర్.

"రెండో విమానంలో ఎక్కించారంటండి. రెండు పెట్టెలని చెప్పాడండి. మూడోది కూడా ఎక్కే ఉంటుందండి, హడావిడిలో సరిగ్గా చూసుండడు."

రెండు పెట్టెలంటే ఎనిమిది రొయ్యలు. ఎనిమిదీ బతికినా పది కావు. పోతమ్మ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. మూడో పెట్టె హైదరాబాదులో ఏ గోడ పక్కనో ఎండలో ఉన్నట్టే ఆవిడకి కళ్లకి కట్టింది. మహబూబున్నీసా అన్నం కలిపి తెస్తే, "నువ్ తిను పంతులమ్మా," అని కంచం తాతబాబు వైపు తోసేసింది. ఆయనా తినలేదు. మూడైంది, నాలుగైంది. ఖాజా ఫోను పనిచేస్తోందో లేదో అని రెండుసార్లు ఎత్తి చూశాడు. "దాన్నలగ ఎత్తితే ఆల్లకి ఎలగ కలుస్తాది, దించు!" అని పోతమ్మ అరిచింది.

ఐదున్నరకి భావనగర్ నుంచి ఫోను వచ్చింది. ఖాజా హిందీలో మాట్లాడుతూ, మధ్యమధ్యలో ఇటు తిరిగి చెబుతున్నాడు.

"మూడు పెట్టెలూ దిగినాయి! మూడోది ఆఖర్న దించినారంట... మొదటి పెట్టె విప్పుతన్నారు... నాలుగూ బతికే ఉన్నాయి."

పోతమ్మ నాలుగు వేళ్లు మడిచింది.

"రెండో పెట్టె. ఒకటి... రెండు... మూడు. నాలుగోది పోయింది. ఏడు. మూడో పెట్టెలో ఒకటి. ఎనిమిది. ఇంకోటి... హలో? హలో!"

లైను తెగిపోయింది. షెడ్డులో తొట్ల గాలి గొట్టాల బుడబుడ ఒక్కటే వినబడుతోంది. మళ్లీ మోగడానికి ఎంతసేపైందో తర్వాత అడిగితే ఒకరు రెండు నిమిషాలన్నారు, ఒకరు పావుగంటన్నారు.

"తొమ్మిది. మిగిలిన రెంట్లో ఒకటి పోయింది. ఇంకోటి..." ఖాజా ఆగాడు. "ఇంకోటి తొట్లో అడుగున పడుందంట అక్కా. కదలట్లేదు. తీసి పారెయ్యమంటారా అని అక్కడ పనివాడు అడుగుతన్నాడు."

"పారెయ్యొద్దను!" పోతమ్మ అరుపుకి తాతబాబు లేచి నిలబడ్డాడు. "మొప్పలు సూడమను. నల్లబడినాయా?"

ఖాజా అడిగాడు. "లేదంట."

"అయితే సావనేదు. గాలి బుడగలొచ్చీ కాడికి తెమ్మను. నడుం కాడ పట్టుకొని, నీల్లలో ముందుకి నడిపించమను, సంటిపిల్లని నడిపించినట్టు. ఎనక్కి లాగొద్దను. ముందుకే. నాను సాలన్నదాకా ఆపొద్దను."

ఖాజా మాట పొల్లుపోకుండా హిందీలోకి మార్చి చెప్పాడు. తర్వాత ఫోను చెవికి ఆనించుకుని నిలబడ్డాడు. పోతమ్మ తన చెయ్యి తనకి తెలియకుండానే గాల్లో ముందుకి ముందుకి తోస్తోంది. మహబూబున్నీసా పెదాలు కదులుతున్నాయి.

ఖాజా భుజం ఒక్కసారి ఎగిరింది. "తోక కొట్టింది! చేతిలోంచి జారిపోయిందంట! ఈదుతోంది అక్కా, పది! పది!"

మహబూబున్నీసా కొంగుతో మొహం కప్పుకుంది. తాతబాబు, "నాను ముందే అనుకున్నాను," అన్నాడు. ఆయన ఏమీ అనుకోలేదని అందరికీ తెలుసు. పోతమ్మ మాత్రం మెల్లిగా వెళ్లి బల్ల మీద ఎక్కి కూర్చుంది. ఆరేళ్లలో దాని ముందు నిలబడ్డమే గానీ దాని మీద కూర్చోవడం అదే మొదలు.

ఖాజా ఫోను మూతి చేత్తో మూసి ఇటు తిరిగాడు. "అక్కా, సీజనంతా మనకేనంట. మద్రాసు వాళ్ల మాటే లేదు. రేపే ఇంకో పన్నెండు పంపమంటన్నాడు. నువ్వు తెల్లవారి ఐదింటికి వచ్చేస్తే..."

"రేపు రాను."

"అక్కా!"

"పన్నెండు మంది ఆడకూతుల్లని ఒక్కపాలి పురిటికంపిన మడిసిని. రేపు పడుకుంటాను. ఎల్లుండొత్తానని సెప్పు." కాళ్లు ఊపుకుంటూ కాసేపు ఆలోచించింది. "ఫోను ఎట్టీకు. పోయిన రెండూ పెట్టెలో ఏ మూల సంచుల్లోవో అడుగు. పెట్టె గోడ పక్కవా, మద్దెనవా?"

ఖాజా ఫోను మూతి మీంచి చెయ్యి తీసి, మళ్లీ హిందీలో మొదలుపెట్టాడు.